దారం మందం చెప్పే వర్గమూలం

సూరత్ నుంచి భరూచ్ వైపు వెళ్లే రైలు మార్గంలో సాయణ్ దాటిన తర్వాత కిమ్ అనే ఊరు వస్తుంది. సూరత్ జిల్లా ఓల్పాడ్ తాలూకాలోని ఊరిది. ఇదే పేరుతో ఒక నది కూడా ఆ ప్రాంతంలో ప్రవహిస్తుంది. కిమ్ నుంచి పిపోదరా వైపు వెళ్తే మరమగ్గాల షెడ్లు కనిపిస్తాయి. సూరత్ చుట్టుపక్కల మగ్గాల చప్పుడు తెలుగువారికి కొత్తది కాదు. కరీంనగర్, వరంగల్, నల్గొండ ప్రాంతాల నుంచి ఎన్నో నేత కుటుంబాలు దశాబ్దాలుగా ఈ జిల్లాకు వలస వెళ్లాయి.

మగ్గాల షెడ్డులో దారపు కండెలున్న పెట్టెల మీద కొన్ని సంఖ్యలు ఉంటాయి. 50, 75, 150, 300. ఈ నాలుగు సంఖ్యలకూ తొమ్మిది, పది తరగతుల గణితంలో వచ్చే కరణుల పాఠానికీ ఏమిటి సంబంధం? ‘√75ను సూక్ష్మీకరించండి’ అనే ప్రశ్న పరీక్ష కోసమే పుట్టిందని చాలామంది విద్యార్థుల అనుమానం. ఆ అనుమానం తీరాలంటే దారం ఎంత లావుందో కొలవాలి. సన్నటి దారానికి స్కేలు పెట్టి కొలవలేం కదా! అందుకే తూచి కొలుస్తారు.

డెనియర్ అంటే...

9000 మీటర్ల దారం ఎన్ని గ్రాములు తూగుతుందో ఆ సంఖ్యే దాని డెనియర్. 75 డెనియర్ దారం తొమ్మిది కిలోమీటర్ల పొడవున్నా 75 గ్రాములే తూగుతుంది. 300 డెనియర్ దారం అదే పొడవుకు 300 గ్రాములుంటుంది. మరి 300 డెనియర్ దారం 75 డెనియర్ దారం కంటే నాలుగు రెట్లు లావుగా ఉంటుందా?

ఉండదు. దారాన్ని ఒక పొడవాటి స్తూపం అనుకోండి. పొడవు మారనప్పుడు బరువు నాలుగు రెట్లయిందంటే అడ్డుకోత వైశాల్యం నాలుగు రెట్లయిందన్నమాట. వృత్త వైశాల్యం వ్యాసం వర్గానికి అనులోమంగా ఉంటుంది. కాబట్టి వ్యాసం రెండు రెట్లే అవుతుంది. ఒక్క మాటలో చెప్పాలంటే, దారం మందం డెనియర్ వర్గమూలానికి అనులోమంగా ఉంటుంది.

పాలియెస్టర్ సాంద్రత ఘన సెంటీమీటరుకు దాదాపు 1.38 గ్రాములు. దీన్నిబట్టి లెక్క కడితే 1 డెనియర్ పాలియెస్టర్ పోగు వ్యాసం సుమారు 10 మైక్రాన్లు వస్తుంది. అంటే మిల్లీమీటరులో నూరో వంతు. ఇదొక చక్కని సౌకర్యం. డెనియర్‌కు వర్గమూలం కట్టి పదితో గుణిస్తే చాలు, మందం మైక్రాన్లలో వచ్చేస్తుంది. 75 డెనియర్‌కు సుమారు 87 మైక్రాన్లు. అసలు దారం ఒకే పోగు కాదు, అనేక సన్నని పోగుల కట్ట. మధ్యలో గాలి సందులుంటాయి, ఒత్తితే చదునవుతుంది కూడా. కాబట్టి నిజమైన మందం ఈ లెక్క కంటే కొంచెం ఎక్కువే ఉంటుంది. కానీ ఒకే రకం దారాలను ఒకదానితో ఒకటి పోల్చడానికి వర్గమూలం సరిపోతుంది.

వర్గమూలం లోపలి వర్గం

ఇప్పుడు కండెల మీది సంఖ్యలకు వర్గమూలాలు రాద్దాం. కాలిక్యులేటర్ నొక్కితే √50 = 7.0711, √75 = 8.6603, √150 = 12.2474, √300 = 17.3205 అని వస్తాయి. ఈ దశాంశాలను ఎంతసేపు చూసినా వాటి మధ్య బంధుత్వం తెలియదు. సంఖ్యలను కారణాంకాలుగా విడగొట్టి చూడండి:

√50 = √(25 × 2) = 5√2
√75 = √(25 × 3) = 5√3
√150 = √(25 × 6) = 5√6
√300 = √(100 × 3) = 10√3

√75, √300 రెండింటిలోనూ √3 ఉంది. ఒకటి 5√3, ఇంకొకటి 10√3. అంటే 300 డెనియర్ దారం 75 డెనియర్ దారానికి సరిగ్గా రెట్టింపు మందం. సుమారుగా కాదు, సరిగ్గా. ఇలా వర్గమూలం కింద ఒకే సంఖ్య మిగిలే కరణులను సజాతి కరణులంటారు. √2, √3, √6 మిగిలినవి విజాతి కరణులు.

ఇక్కడ వాడిన సూత్రం ఒక్కటే. క, ఖ ధన సంఖ్యలైతే √(క × ఖ) = √క × √ఖ. ఇది ఎందుకు నిజం? కుడివైపు ఉన్నదాన్ని వర్గం చేయండి. √క రెండుసార్లు, √ఖ రెండుసార్లు వస్తాయి. వాటిని జత చేస్తే క × ఖ అవుతుంది. రెండూ ధన సంఖ్యలే, వర్గాలు సమానం, కాబట్టి అవీ సమానమే. సూత్రాన్ని కంఠస్థం చేసేవారు ‘ధన సంఖ్యలైతే’ అన్న మాటను మింగేస్తారు. దాని సంగతి తర్వాత చూద్దాం.

పెద్ద సంఖ్యలో దాగిన వర్గం వెంటనే కనిపించకపోతే ప్రధాన కారణాంకాలు రాసి జతలు కట్టాలి. 1260 డెనియర్ నైలాన్ దారాన్ని టైర్లలో వేసే బట్టకు వాడతారు. 1260 = 2 × 2 × 3 × 3 × 5 × 7. రెండ్ల జత నుంచి ఒక 2, మూడ్ల జత నుంచి ఒక 3 బయటకు వస్తాయి. జత దొరకని 5, 7 లోపలే ఉంటాయి. కాబట్టి √1260 = 6√35. ఘనమూలమైతే జతలకు బదులు ముగ్గురేసి జట్లు కట్టాలి: 54 = 3 × 3 × 3 × 2 కనుక ∛54 = 3∛2.

అయితే ఒక మాట. సూక్ష్మీకరించిన ప్రతిసారీ విషయం తేటపడుతుందని అనుకోకండి. టైరు బట్టకే వాడే మరో రెండు నైలాన్ దారాలు 840, 1680 డెనియర్లవి. రెండోది మొదటిదానికి రెట్టింపు బరువు కనుక మందాల నిష్పత్తి √2 అని చూడగానే చెప్పవచ్చు. కానీ సూక్ష్మీకరిస్తే √840 = 2√210, √1680 = 4√105 అవుతాయి. ఇప్పుడు చూడండి, ఆ రెండింటి చుట్టరికం ఎవరికి కనిపిస్తుంది? పాఠ్యపుస్తకం సూక్ష్మరూపం అడుగుతుంది, అది రాయాల్సిందే. కానీ పని చేసేటప్పుడు ఏ రూపం ఉపయోగపడితే ఆ రూపమే మంచిది.

రెండు పోగులు కలిపి పురి పెడితే

జవాబు పత్రాల్లో తరచుగా కనిపించే తప్పు √క + √ఖ = √(క + ఖ) అని రాయడం. ఇది తప్పని ఉపాధ్యాయులు ఎన్నిసార్లు చెప్పినా మళ్లీ మళ్లీ వస్తూనే ఉంటుంది. గుణకారానికి చెల్లిన సూత్రం సంకలనానికి చెల్లదా అని మనసు లాగుతుంది. దారంతో చూస్తే ఎందుకు చెల్లదో తెలుస్తుంది.

75 డెనియర్ దారాలు రెండింటిని కలిపి పురి పెట్టారనుకోండి. బరువులు కలుస్తాయి కాబట్టి 150 డెనియర్ దారం తయారవుతుంది. (పురి వల్ల పొడవు కొద్దిగా తగ్గుతుంది, దాన్ని వదిలేద్దాం.) దాని మందం √150, అంటే 5√6, సుమారు 12.25. రెండు దారాలను పక్కపక్కన పరిచి కొలిస్తే వచ్చేది √75 + √75 = 5√3 + 5√3 = 10√3, సుమారు 17.32. ఈ రెండూ ఒకటి కావు. రెండు దారాలు ఒకే గుండ్రని దారంగా కలిసినప్పుడు ఒకదాని సందులో ఒకటి సర్దుకుంటాయి. వైశాల్యాలు కలుస్తాయి, వ్యాసాలు కలవవు. √75 + √75 విలువ √150 కాదు, √300. రెట్టింపు మందం కావాలంటే రెండు కాదు, నాలుగు దారాలను కలిపి పురి పెట్టాలి.

విజాతి కరణుల విషయానికి వస్తే √50 + √75 = 5√2 + 5√3 = 5(√2 + √3). ఇంతకు మించి తగ్గించలేం. √2 + √3 ఏదో ఒక పూర్ణసంఖ్యకు వర్గమూలం అవుతుందేమో? వర్గం చేసి చూడండి: 2 + 3 + 2√6 = 5 + 2√6. ఇందులో √6 మిగిలిపోయింది, కాబట్టి అది పూర్ణసంఖ్య కాదు. రెండు పదాలను రెండుగానే ఉంచాలి. కూడలేనిదాన్ని కూడకుండా వదిలేయడం కూడా సూక్ష్మీకరణలో భాగమే.

దారం మారితే పోగులు ఎన్ని?

ఒక బట్టను 75 డెనియర్ దారంతో అంగుళానికి 60 పోగుల చొప్పున నేస్తున్నారనుకుందాం. అదే బట్టను 50 డెనియర్ దారంతో నేయాలి, కానీ సందులు అంతకుముందు ఎంత నిండాయో అంతే నిండాలి. అంగుళానికి ఎన్ని పోగులు పెట్టాలి?

బరువుల నిష్పత్తి 75/50 = 3/2 కదా అని 60ని ఒకటిన్నరతో గుణిస్తే 90 వస్తుంది. బట్ట అట్టలా బిగుసుకుపోతుంది. అసలు అన్ని పోగులు పట్టకపోవచ్చు కూడా. నిండుదనం నిర్ణయించేది మందం, బరువు కాదు. కాబట్టి కావలసిన గుణకం

√75/√50 = 5√3/5√2 = √3/√2.

హారంలో √2 ఉంది. లవహారాలు రెండింటినీ √2తో గుణిస్తే √6/2 అవుతుంది. 60 × √6/2 = 30√6, సుమారు 73.5. అంటే అంగుళానికి 73 లేక 74 పోగులు. 90కీ 73కీ మధ్య ఉన్న ఈ తేడా దారం ఖర్చులో తేడా, బట్ట ఒంటికి ఎలా ఉంటుందన్నదానిలో తేడా.

హారంలోని కరణిని తొలగించడాన్ని హారాన్ని అకరణీయం చేయడం అంటారు. ఎందుకు చేయాలి? పూర్వం దీనికి గట్టి కారణం ఉండేది. కాగితం మీద 1ని 1.41421తో భాగించడం ప్రాణం తోడేసే పని. 1.41421ని 2తో భాగించడం నోటిలెక్క. కాలిక్యులేటర్ వచ్చాక ఆ కారణం పోయింది. కానీ ఇంకో కారణం ఉంది. ముగ్గురు విద్యార్థులు ఒకే లెక్క చేసి ఒకరు √3/√2 అనీ, ఒకరు 3/√6 అనీ, మరొకరు √6/2 అనీ రాస్తే ఎవరిది ఒప్పు? ముగ్గురిదీ ఒప్పే. అందరూ ఒక నిర్ణీత రూపానికి తెస్తే ఆ సంగతి వెంటనే తెలుస్తుంది.

అదే ఉదాహరణలో బట్ట బరువు ఎంత తగ్గుతుందో కూడా చూడండి. పోగులు √6/2 రెట్లయ్యాయి, ఒక్కో పోగు బరువు 2/3 వంతయింది. గుణిస్తే √6/3, అంటే సుమారు 0.816. బట్ట నూటికి 18 వంతులు తేలికైంది. రెండు జవాబుల్లోనూ అదే √6 ఉండటం యాదృచ్ఛికం కాదు. రెండూ 3, 2 సంఖ్యల నుంచే వచ్చాయి.

నూలు లెక్క తలకిందులు

పట్టుదారం, కృత్రిమ దారం డెనియర్‌లో చెబుతారు. నూలుకు మాత్రం కౌంట్ లేదా నంబరు. 840 గజాల చిలపలు ఎన్ని కలిస్తే ఒక పౌను తూగుతాయో అది ఆ నూలు నంబరు. ఇక్కడ నంబరు పెరిగితే దారం సన్నమవుతుంది. కాబట్టి మందం నంబరు వర్గమూలానికి విలోమంగా ఉంటుంది. ఎఫ్. టి. పియర్స్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త 1937లో బట్ట జ్యామితిపై రాసిన పత్రం ఈ రంగంలో ప్రసిద్ధమైంది. అందులోని లెక్క ప్రకారం నూలు వ్యాసం అంగుళాల్లో 1/(28√నంబరు).

20వ నంబరుకు √20 = 2√5. 80వ నంబరుకు √80 = 4√5. అంటే 80వ నంబరు నూలు 20వ నంబరులో సరిగ్గా సగం మందం. 40వ నంబరుకు √40 = 2√10. దాని వ్యాసం 1/(56√10) అంగుళాలు. హారాన్ని అకరణీయం చేస్తే √10/560, సుమారు 0.0056 అంగుళం. మిల్లీమీటర్లలో 0.14. సాదా నేతలో ప్రతి రెండు పడుగు పోగుల మధ్య పేక పోగు దూరి వెళ్లడానికి చోటు ఉండాలి. అందుచేత అంగుళంలో పట్టే వ్యాసాల్లో సగమే పోగులుగా తీసుకుంటారు. 40వ నంబరుకు అది 28√10, సుమారు 88. మగ్గం మీద సాధారణంగా దీనికంటే తక్కువే పెడతారు.

కరణి అనే మాట

మన పాఠ్యపుస్తకాల్లోని ‘కరణి’ చాలా పాతది. యజ్ఞవేదికలు కట్టడానికి తాళ్లతో కొలిచిన శుల్బసూత్రాల్లో ‘ద్వికరణి’ అంటే రెట్టింపు వైశాల్యమున్న చతురస్రాన్ని చేసే భుజం. ‘శుల్బం’ అంటేనే తాడు! బౌధాయనుడు ఇచ్చిన కొలతను నేటి పద్ధతిలో రాస్తే √2 విలువ 577/408 అవుతుంది. ఇది ఐదో దశాంశ స్థానం వరకు సరైనది. కరణులను కూడటం, గుణించడం, హారంలోంచి తొలగించడం 628లో బ్రహ్మగుప్తుడు రాసిన బ్రాహ్మస్ఫుటసిద్ధాంతంలో ఉన్నాయి. ఆయనది గుజరాత్‌కు పొరుగున ఉన్న భిల్లమాలం, నేటి రాజస్థాన్‌లోని భీన్‌మాల్. √ గుర్తు మాత్రం మనది కాదు. 1525లో క్రిస్టాఫ్ రుడోల్ఫ్ అచ్చువేసిన జర్మన్ బీజగణిత గ్రంథంలో అది కనిపిస్తుంది. పైన గీత చేర్చి రాసింది దెకార్త్, 1637లో.

సూరత్ నగరపాలక సంస్థ ప్రాథమిక పాఠశాలల్లో తెలుగు మాధ్యమానికీ చోటు దక్కింది. పై చదువుల్లో మాధ్యమం మారే పిల్లలకు కరణుల పాఠంలో ఒక విచిత్రమైన చిక్కు ఎదురవుతుంది. రెండు పూర్ణసంఖ్యల నిష్పత్తిగా రాయగల సంఖ్యను తెలుగులో ‘అకరణీయ’ సంఖ్య అంటాం, √2 వంటిది ‘కరణీయ’ సంఖ్య. గుజరాతీలో మొదటిది ‘సంమేయ’, రెండోది ‘అసంమేయ’. అంటే తెలుగులో ‘అ’ ఉన్న మాట గుజరాతీలో ‘అ’ లేని మాటతో సరిపోతుంది! తెలుగువారు కరణి కాదా అని చూసి పేరు పెట్టారు, గుజరాతీవారు కొలతకు లొంగుతుందా అని చూసి పేరు పెట్టారు. రెండూ తర్కబద్ధమే. కానీ పరీక్ష హాల్లో ఈ ‘అ’ తలకిందులయితే తెలిసిన జవాబే తప్పుగా మారుతుంది. ఒక మాధ్యమం నుంచి మరో మాధ్యమంలోకి వెళ్లేవారు పేరును కాక √2 అనే ఉదాహరణను గుర్తుంచుకోవడం క్షేమం.

మూలంలో మూలం

5 + 2√6 అనే సంఖ్య √2 + √3కి వర్గమని పైన చూశాం. కాబట్టి √(5 + 2√6) = √3 + √2. వర్గమూలం లోపల ఇంకో వర్గమూలం ఉన్నా రెండు సాదా కరణులుగా విడిపోయింది. దీనికి కిటుకు: మొత్తం 5, లబ్ధం 6 వచ్చే రెండు సంఖ్యలను వెతకాలి. అవి 3, 2. అలాగే √(8 + 2√15)లో మొత్తం 8, లబ్ధం 15, సంఖ్యలు 5, 3. జవాబు √5 + √3. మరి √(5 + 2√5)? మొత్తం 5, లబ్ధం 5 వచ్చే అకరణీయ సంఖ్యలు లేవు. అది ఇలా విడిపోదు.

1150లో భాస్కరాచార్యుడు రాసిన బీజగణితంలో ఇంకా అందమైన ఉదాహరణ ఉంది: √(10 + √24 + √40 + √60). ఇది చూసి భయపడనక్కరలేదు. √24 = 2√6, √40 = 2√10, √60 = 2√15. ఈ 6, 10, 15 ఏ మూడు సంఖ్యల జంట లబ్ధాలు? 2, 3, 5లవి. వాటి మొత్తం 10. కాబట్టి జవాబు √2 + √3 + √5. ముందు లోపలి కరణులను సూక్ష్మీకరించి ఉండకపోతే ఈ దారి కనిపించేదే కాదు. ఎన్ని పొరలున్నా ఇలాంటి మూలాలు విడిపోతాయా లేదా అని కంప్యూటరు చేత తేల్చే పద్ధతిని సూసన్ లాండౌ అనే గణితజ్ఞురాలు 1992లో ప్రచురించారు. సమస్య అంత తేలికైనది కాదన్నమాట.

కాలిక్యులేటర్ తడబడే చోటు

కాలిక్యులేటర్ ఉండగా ఇవన్నీ ఎందుకు అనేవారి కోసం ఒక ప్రయోగం. √1000001 − 1000 విలువ ఎంత? ఎనిమిది అంకెలకు మించి చూపలేని కాలిక్యులేటర్ మిగతావి కత్తిరించి √1000001ని 1000.0004 అని చూపిస్తుంది. వెయ్యి తీసేస్తే 0.0004. అసలు విలువ 0.0004999999 దగ్గర ఉంటుంది. ఐదో వంతు తప్పు! దగ్గర దగ్గరి సంఖ్యలను తీసివేసినప్పుడు ముందున్న మంచి అంకెలన్నీ రద్దయి చివరి అరకొర అంకె మిగులుతుంది.

ఇప్పుడు √1000001 + 1000 అనే సంయుగ్మంతో గుణించి, దానితోనే భాగించండి. లవంలో 1000001 − 1000000 = 1 వస్తుంది. కాబట్టి అడిగిన విలువ 1/(√1000001 + 1000), అంటే 1/2000.0004. అదే కాలిక్యులేటర్ మీద ఇది దాదాపు సరైన విలువనే ఇస్తుంది. హారంలోని కరణిని పైకి తేవడమే ధ్యేయమని నేర్చుకున్నాం కదా, ఇక్కడ పైనున్నదాన్ని కిందికి దించితేనే మేలు జరిగింది. కంప్యూటర్ ప్రోగ్రాములు రాసేవారు ఈ ఉపాయాన్ని రోజూ వాడతారు.

ఇక ‘ధన సంఖ్యలైతే’ అన్న షరతు. −4, −9ల వర్గమూలాలు కల్పిత సంఖ్యలు. వాటి లబ్ధం −6. సూత్రాన్ని గుడ్డిగా వాడితే √36 = 6 వస్తుంది. గుర్తే మారిపోయింది. ఇలాంటిదే మరొకటి: ఒక సంఖ్యను వర్గం చేసి వర్గమూలం తీస్తే అదే సంఖ్య వస్తుందని రాసేస్తుంటారు. −7ను వర్గం చేస్తే 49, √49 మాత్రం 7. √ గుర్తు ఎప్పుడూ రుణం కాని మూలాన్నే సూచిస్తుంది. వర్గం 49 అయ్యే సంఖ్యలు రెండున్నాయి, కానీ √49 ఒక్కటే. √(5 − 2√6) అడిగినప్పుడు √2 − √3 అని రాస్తే మార్కులు పోయేది ఇందుకే. సరైన జవాబు √3 − √2.

చివరగా ఒక లెక్క, పాఠకులు కాగితం తీసుకుని చేయవలసినది. ∛(√5 + 2) − ∛(√5 − 2) విలువ ఎంత? కాలిక్యులేటర్ 1 అంటుంది. నిజంగా 1 ఏనా, దాని దరిదాపుల్లోదా? (√5 + 1)ను ఘనం చేస్తే 5√5 + 15 + 3√5 + 1, అంటే 16 + 8√5 వస్తుంది. 8తో భాగించండి, √5 + 2. కాబట్టి మొదటి ఘనమూలం (√5 + 1)/2. రెండోది ఇదే దారిలో (√5 − 1)/2 అవుతుంది. తీసివేస్తే √5 రద్దయి సరిగ్గా 1 మిగులుతుంది.